గుణుపురం రథయాత్ర మేళాలో విదేశీ పక్షుల షో: కాగితాలు చూసిన నా అనుభవం

రథయాత్రకి ఒడిశాలోని మా గుణుపురంలో మేళా పెడతారు. మైదానంలో ఏ స్టాలు ఎక్కడ, ఎవరికి ఇవ్వాలన్నది చూసే కమిటీలో నేనొకణ్ని. నాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదవగలను కాబట్టి కాగితమన్నది ఏది వచ్చినా నా దగ్గరికే తోసేస్తారు. జెయింట్ వీల్‌కి ఇంజినీరు సర్టిఫికెట్, ఫైర్ వాళ్ల ఎన్ఓసీ, కరెంటు లోడు ఇవన్నీ అలవాటైపోయాయి. కొత్తగా వచ్చింది ‘విదేశీ పక్షులు, సరీసృపాల షో’.

ఓనరు విజయనగరం వైపు కుర్రాడు. ఫోన్లో వీడియోలు చూపించాడు. నీలం, పసుపు రంగుల మకావ్‌లు, బూడిద రంగు ఆఫ్రికన్ గ్రే చిలకలు, సన్ కోన్యూర్లు, కాకటీళ్లు అనే చిన్న చిలకలు, పెద్ద తొండలా ఉండే ఒక ఆకుపచ్చ ఇగ్వానా, రెండు బాల్ పైథాన్ పాములు. బయట పిల్లలు ఎక్కి తిరగడానికి ఒంటె. లోపలికి టికెట్. మకావ్ చిన్న సైకిలు తొక్కుతుంది, కోన్యూరు నోటు అందుకుని డబ్బాలో వేస్తుంది. పామును మెడలో వేసుకుని ఫొటో దిగాలంటే విడిగా డబ్బు.

మా ప్రెసిడెంటు గారు వీడియో పూర్తికాకుండానే స్టాలు అద్దె లెక్కేశారు. ‘‘పిల్లలు ఎగబడతారయ్యా, ఇచ్చేద్దాం’’ అన్నారు. కాగితాలేవీ అని నేనడిగితే కుర్రాడు ప్లాస్టిక్ కవరొకటి తీశాడు. అందులో ఎక్కువగా ఉన్నవి పాత మేళాల రసీదులు, ఏదో ఊళ్లో ఎమ్మెల్యే గారు మకావ్‌తో దిగిన ఫొటో. కాగితాలు ఊళ్లో ఉన్నాయి, తెస్తానన్నాడు. సరే, ఈలోగా ఏం అడగాలో నేను తెలుసుకుందామనుకున్నాను.

ముందు వెళ్లిన ఆఫీసులో ‘‘జంతువుల షో అంటే పశువైద్య శాఖ’’ అన్నారు. అక్కడికి వెళితే ‘‘విదేశీ జంతువులంటే అడవి శాఖ’’ అన్నారు. ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారని తర్వాత అర్థమైంది. ఇందులో రెండు చట్టాలున్నాయి. జంతువు నీ దగ్గరికి ఎలా వచ్చిందన్నది ఒక చట్టం అడుగుతుంది. దానితో నువ్వేం చేయిస్తున్నావన్నది ఇంకోటి అడుగుతుంది. మొదటిది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, రెండోది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. ఒక ఆఫీసులో వాళ్లకి రెండో ఆఫీసు పని తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు.

మొదటిదాని సంగతి చెబుతాను. చాలాకాలం మన చట్టం మన అడవి జంతువుల్నే పట్టించుకుంది. ఆస్ట్రేలియా కాకటూ, అమెజాన్ మకావ్ ఎవరింట్లో ఉన్నా పెద్దగా అడిగినవాళ్లు లేరు. 2020 జూన్‌లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలు చెప్పండని గడువిచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి, సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దేశాల మధ్య వ్యాపారంపై ఆంక్షలున్న జాబితాలోని జీవుల్ని నాలుగో షెడ్యూలుగా చేర్చారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరి చివర్లో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. అప్పటికే పెంచుకుంటున్నవాళ్లు ఆరు నెలల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలన్నారు. దరఖాస్తు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి వెళుతుంది. ఆ తర్వాత పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా చెప్పాలి.

మకావ్, ఆఫ్రికన్ గ్రే, సన్ కోన్యూర్, ఇగ్వానా, బాల్ పైథాన్ ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నవే. ఆఫ్రికన్ గ్రే అయితే 2017 నుంచి సైటీస్‌లో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. కాకటీళ్లు, బడ్జీలనే చిన్న చిలకలు జాబితాలో లేవు. వాటికి ఈ గొడవ లేదు.

ఇక్కడ మా ఊళ్లో ఎవరికి చెప్పినా నమ్మని మాట ఒకటి ఉంది. మన జామచెట్టు మీద వాలే మామూలు రామచిలకను పట్టి పంజరంలో పెడితే నేరం. సముద్రాలు దాటొచ్చిన మకావ్‌కి కాగితం ఉంటే నేరం కాదు. మా ప్రెసిడెంటు గారి పక్కింట్లోనే రామచిలక ఉంది. ఆ మాట వినగానే ఆయన టాపిక్ మార్చేశారు.

కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు అసలు కాగితాలు తెచ్చాడు. మకావ్‌లు, గ్రే చిలకలు పరివేష్‌లో రిజిస్టరై ఉన్నాయి గానీ వాళ్ల బావ పేరు మీద. కాళ్ల రింగు నంబర్లు కాగితంలోవాటితో సరిపోయాయి. ఈ రింగు పిల్ల పుట్టిన కొద్దిరోజుల్లోనే, కాలు సన్నగా ఉన్నప్పుడు తొడుగుతారు. పెద్దయ్యాక దాన్ని కోయకుండా తీయలేరు, కొత్తగా ఎక్కించలేరు. అందుకే కాగితం కన్నా రింగే నమ్మకం. కోన్యూర్లకి కాగితం లేదు, ‘‘మొన్న మొన్న కొన్నానన్నా’’ అన్నాడు. ఇగ్వానాకి రసీదు మాత్రం ఉంది. పాములకి ఏమీ లేదు.

‘‘ఇంకేమైనా ఉన్నాయా?’’ అనడిగితే తల గోక్కున్నాడు.

‘‘ఒక నక్షత్ర తాబేలుందన్నా. షోలో పెట్టం. కలిసొస్తుందని మా అమ్మ ఉంచమంది.’’

నక్షత్ర తాబేలు వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలు జీవి. అది ఎవరింట్లో ఉన్నా కేసే. దాన్ని గుణుపురం పొలిమేరలోకి తేవద్దని, ముందు వాళ్ల ఊళ్లో అటవీ శాఖ వాళ్లకి అప్పజెప్పమని గట్టిగా చెప్పాను. ఆ విషయంలో మాత్రం నేను మాట మెత్తగా చేయలేదు.

బావ పేరు మీద ఉన్నవాటికి చేతులు మారినట్టు పోర్టల్లో పెట్టే పని నా షాపులోనే కూర్చుని చేశాం. సర్వర్ ఎప్పుడూ ఉండేలాగే ఉంది, ఫొటో సైజు ఎక్కువని తిప్పికొట్టింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఓపికుంటే అవుతుంది.

అసలు కష్టం రెండో చట్టం దగ్గర వచ్చింది. జంతువుల చేత ఆటలు ఆడించాలంటే జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ ఆఫీసు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఏ జంతువు, ఏ ఆట అన్నది దరఖాస్తులో రాయాలి. ఆ కాగితం మాత్రం మా కుర్రాడి దగ్గర లేదు, దాని పేరే వినలేదన్నాడు. కానీ ఆ మాట వినగానే వాడు చెప్పిన సంగతి నాకు గుర్తుండిపోయింది.

వాళ్ల నాన్న సర్కస్‌లో సింహాల బోన్ల దగ్గర పనిచేసేవాడట. 1998 అక్టోబరులో కేంద్రం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ ఐదింటినీ ఆడించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు. కేరళ హైకోర్టు 2000లో నోటిఫికేషన్‌ను సమర్థించింది, సుప్రీంకోర్టు 2001 మేలో అదే ఖాయం చేసింది. ఆ తర్వాత సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాల్ని, పులుల్ని ఉంచడానికి రెస్క్యూ సెంటర్లు కట్టారు. వాటిలో ఒకటి విశాఖ జూ దగ్గరుంది. మళ్లీ మంద పెరగకూడదని అక్కడ వాటికి పిల్లలు పుట్టనివ్వలేదు. వాళ్ల నాన్న సింహాలు అక్కడికే వెళ్లాయట.

‘‘మా నాన్న నన్ను తీసుకెళ్లి దూరం నుంచి చూపించాడన్నా. పేరు పెట్టి పిలిస్తే ఒకటి లేచి కంచె దాకా వచ్చింది. ఏడ్చాడు. కానీ ఇంటికొచ్చాక ఏమన్నాడో తెలుసా? ఇన్నేళ్లలో అది పరిగెత్తడం మొదటిసారి చూశానురా అన్నాడు.’’

అంత తెలిసినవాడు మకావ్ చేత సైకిలు ఎందుకు తొక్కిస్తున్నాడని అడగాలనిపించింది. అడగలేదు. బతుకుతెరువు అంటాడు, అది అబద్ధమూ కాదు.

మా కమిటీలో ఒకాయనకి ప్లీడరు బుర్ర. చట్టం నా ఫోన్లో చదివి ఒక దారి కనిపెట్టారు. ఆ చట్టంలో ‘ప్రదర్శన’ అంటే టికెట్లు అమ్మి జనాన్ని రానిచ్చే వినోదం అనే రాసి ఉంది. ‘‘టికెట్ తీసేద్దాం. గేటు దగ్గర హుండీ పెడదాం. ఇష్టమున్నవాళ్లు వేస్తారు. అప్పుడు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా!’’ అందరూ భలే అన్నారు.

నాకు మండిపోయింది. హుండీ పెట్టినంత మాత్రాన మకావ్‌కి సైకిలు తేలికవుతుందా? పైగా హింస గురించిన సెక్షను టికెట్ ఉన్నా లేకపోయినా ఒకటే. కాకపోతే ఆ సెక్షను కింద మొదటి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు, ఎన్నో ఏళ్లుగా అలాగే ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా ఆడిస్తే గరిష్ఠం ఐదు వందలు, లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. పాముతో ఒక ఫొటోకి వాడు వసూలు చేసేది ఆ యాభై కంటే ఎక్కువ. ఇంత చవక జరిమానా చూసి ఎవడు భయపడతాడు? అందుకే చట్టం వచ్చి పట్టుకుంటుందన్న వాదన మా కమిటీలో పనిచేయలేదు. పనిచేసింది వేరే మాట: పిల్లల ఆరోగ్యం.

ఆ మాట మా పశువుల డాక్టరు గారు చెప్పారు. ఆయన ఆవులు, మేకలు, కోళ్లు చూసే మనిషి. ‘‘నేనెప్పుడూ మకావ్‌ని చేతిలో పట్టుకోలేదయ్యా, తెలిసినట్టు సర్టిఫికెట్ రాయలేను’’ అని ముందే చెప్పేశారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. భువనేశ్వర్ పశువైద్య కళాశాలలో తనతో చదివిన స్నేహితుడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మా అందరికీ వినిపించారు.

సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఉంటుందని, పైకి ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఉండొచ్చని ఆయన చెప్పారు. అవి తాకిన చేత్తో పిల్లలు మిర్చిబజ్జీ తింటే విరేచనాలు, జ్వరం. ఐదేళ్లలోపు పిల్లలకి మరీ ప్రమాదం. చిలక జాతి పక్షుల రెట్ట ఎండి దుమ్మైతే, దాన్ని పీల్చినవాళ్లకి సిటకోసిస్ అనే జబ్బు రావచ్చు, అది న్యుమోనియా దాకా పోతుంది. ప్రెసిడెంటు గారికి మనవలున్నారు. పాముల ఫొటో ఆ క్షణంలోనే రద్దయింది. కాగితం లేదని నేను ఎంతసేపు మొత్తుకున్నా కదలని మనిషి!

ఒంటె విషయం డాక్టరు గారే తేల్చేశారు. రథయాత్ర అంటే ఆషాఢం, మా మైదానం బురద. ఇసుక మీద నడిచే మెత్తటి పాదాలతో ఒంటె తడి మట్టిలో జారితే కాళ్లు రెండు పక్కలకీ చీలిపోతాయి, లేవలేదు. పైగా తేమలో గజ్జి, జోరీగలు కుడితే సర్రా జబ్బు. పిల్లల్ని ఎక్కించుకుని బురదలో తిరగడానికి ఫిట్‌నెస్ రాయనన్నారు. కుర్రాడు కాసేపు బతిమాలాడు, తర్వాత వదిలేశాడు. అద్దె ఒంటేనట, వాడికీ భారమే.

ఇక మిగిలింది రిజిస్టరైన మకావ్‌లు, గ్రేలు, కాకటీళ్లు. ఆటలు లేవు, చూపించడం వరకే. వాటికి షరతులు రాయడం మొదలుపెట్టాం. అప్పుడు నాకు పనికొచ్చింది ఆటాడే జంతువుల రిజిస్ట్రేషన్ గురించిన 2001 నాటి నియమాలు. మా షోకి అవి అక్షరాలా వర్తిస్తాయా లేదా అన్న వాదనలోకి నేను వెళ్లలేదు. వాటిలో ఉన్నది మంచిమాట, తీసుకున్నాను. రోడ్డు మీద ఎనిమిది గంటలకు మించి ఏకధాటిగా తీసుకెళ్లకూడదు. జబ్బుగా, గాయంతో, చూలుతో ఉన్నవాటిని ఆడించకూడదు. తిండి మాన్పించి నేర్పకూడదు. దగ్గర్లో కావాలని పెద్ద శబ్దాలు చేయకూడదు, నిప్పు దగ్గరికి తేకూడదు. పది, అంతకంటే ఎక్కువ జంతువులుంటే పశువైద్యుణ్ని ఉద్యోగంలో పెట్టుకోవాలి. చదువుతుంటే మా మేళాలే కళ్లముందు కదిలాయి. పెద్ద శబ్దం లేని మేళా ఎక్కడుంది?

అంతకుముందు వాడి క్యాంపు రాయ్‌పూర్ దగ్గర. అక్కణ్నుంచి మా ఊరికి ఒక్క ఊపులో వచ్చేద్దామనుకున్నాడు. భవానీపట్నంలో రాత్రి ఆగి, పక్షులకి నీళ్లు, తిండి పెట్టి, మర్నాడు రాయగడ మీదుగా రమ్మన్నాం. డ్రైవరు గొణిగాడట. కానీ వచ్చాక కుర్రాడే చెప్పాడు, మామూలుగా దిగిన రోజు ఈకలు ఉబ్బించుకుని కూర్చునే గ్రే చిలక ఈసారి దిగగానే గింజలు తిందని.

పంజరాలు దింపాక డాక్టరు గారూ నేనూ టేపు పట్టుకుని వెళ్లాం. మకావ్ రెక్కలు రెండూ చాపితే మీటరు దాటుతుంది. కొన్ని పంజరాలు అందులో సగం. కుర్రాడు వాదించలేదు గానీ పెద్ద పంజరాలు ఎక్కణ్నుంచి తేవాలన్నాడు. మా ఊరి వెల్డింగు షాపతను పాత గేట్ల కడ్డీలతో రెండేసి పంజరాలు కలిపి ఒకటి చేసిచ్చాడు. జింకు పూత ఊడుతున్న కడ్డీలు వద్దని, పక్షి ముక్కుతో గీకి మింగితే విషమని భువనేశ్వర్ డాక్టరు గారు ఫోన్లోనే ఆపారు కాబట్టి కొన్ని పక్కన పడేశాం. నిలబడే కర్రలు నున్నటి పైపులు కాకుండా వంకరటింకర వేపకొమ్మలు కట్టించారు. ఎప్పుడూ ఒకే లావు పైపు మీద నిలబడితే పాదాలకి పుండ్లు పడతాయట. తిండి చూస్తే అంతా పొద్దుతిరుగుడు గింజలే. అది పిల్లలకి మూడు పూటలా చిప్స్ పెట్టినట్టే. బొప్పాయి, క్యారెట్, ఆకుకూర, కొద్దిగా ఉడికిన పప్పు కలపమన్నారు. ఆవకాడో, చాక్లెట్ పొరపాటున కూడా వద్దన్నారు. ఆవకాడో మా గుణుపురంలో ఎక్కడ దొరుకుతుందిలెండి, చాక్లెట్ మాత్రం చూసేవాళ్లు విసిరేదే.

స్టాలు స్థలం దగ్గర పెద్ద గొడవే అయింది. నక్ష ప్రకారం వాళ్లకి ఇచ్చింది జనరేటర్ పక్కన, బజ్జీల బండ్ల ఎదురుగా. పక్షుల ఊపిరితిత్తులు మనలాంటివి కావు, ఒంట్లో గాలి సంచులుంటాయి. పొగ మనకంటే త్వరగా, ఎక్కువగా దెబ్బతీస్తుంది. డీజిల్ పొగ, కాగిన నూనె పొగ, అగరొత్తులు ఏవీ పడవు. మైదానం నదివైపు చివర్లో ఖాళీ ఉంటే అక్కడికి మార్చమన్నాను. ఆ చివరికి జనం రారని కుర్రాడే మొదట ఒప్పుకోలేదు! చివరికి అద్దె కొంత తగ్గించి, దారి చూపించే ఫ్లెక్సీ కమిటీ ఖర్చుతో పెడతామంటే సరేనన్నాడు. కోళ్ల గూళ్లకి చుట్టినట్టు పంజరాలకి ప్లాస్టిక్ చుట్టకుండా, వాన కొట్టకుండా, గాలి ఆడేలా గోనెపట్టాలు దించారు.

రాత్రి మాత్రం నేను అనుకున్నట్టు జరగలేదు. ఆ పక్షులకి పది, పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి. ఎనిమిదింటికి మూసేయాలని షరతు రాశాం. మేళాకి జనం ఎక్కువగా వచ్చేదే ఎనిమిదింటికి. మొదటి రోజు మూశాడు. రెండో రోజు ఎవరో పెద్దమనిషి కుటుంబంతో వస్తే మళ్లీ తెరిచాడు. తర్వాత మేమిద్దరం మధ్యేమార్గానికి వచ్చాం. పక్షుల్ని రెండు జట్లు చేసి, పగలు చూపించినవాటిని సాయంత్రం వెనక గదిలో నల్ల గుడ్డ కప్పి పెట్టాడు. డీజే వాళ్లతో మాట్లాడితే స్పీకర్లు అవతలివైపు తిప్పారు, అంతకుమించి తగ్గించలేదు. అది చాలదని నాకు తెలుసు. రాత్రి పదకొండింటికి వెళ్లి చూస్తే గుడ్డ కింద ఒక మకావ్ మెలకువగా అటూ ఇటూ నడుస్తూనే ఉంది. అసలు మేళాలో పక్షుల్ని తిప్పడమే తప్పేమో అని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే నా అభిప్రాయం. సర్కస్‌ల్లో ఏ జంతువూ ఉండకూడదని 2018లో కేంద్రం ముసాయిదా నియమాలు కూడా తెచ్చింది. నేను ఆ పక్షమే. కానీ ఆ రోజు నా చేతిలో ఉన్నది షరతుల కాగితమే.

ఫొటోలు మాత్రం ఆపలేకపోయాం, భుజం మీద పెట్టడం ఆపాం. కొమ్మ మీద పక్షి, రెండడుగుల దూరంలో మనిషి. సబ్బు, నీళ్ల డ్రమ్ము బయట పెట్టించాం. ‘‘డబ్బులిచ్చాక కూడా పట్టుకోనివ్వరేటండీ’’ అని కొందరు నాతోనే తగువుపడ్డారు. పాము లేదని తిరిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. కుర్రాడికి మిగిలింది తక్కువే, అది దాచుకోవడానికేం లేదు.

బహుడా యాత్ర, అంటే తిరుగు రథయాత్ర, అయ్యాక సామాను ఎక్కిస్తూ మా షరతుల కాగితం జిరాక్స్ ఇంకో రెండు కావాలన్నాడు. తర్వాతి మేళాలో జనరేటర్ పక్కన స్థలమిస్తే చూపించడానికట. రిజిస్ట్రేషన్ లేని కోన్యూర్ల సంగతి ఇంకా తేలలేదు, ఇగ్వానా రసీదు ఇచ్చిన షాపు మూసేశారు. తాబేలును అప్పజెప్పిన రసీదు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు.

వచ్చే ఏడాది కోసం రాయ్‌పూర్‌లో తల ఊపే రోబో డైనోసార్ల ధరలు అడుగుతున్నాడు. మా ప్రెసిడెంటు గారు అప్పుడే అద్దె లెక్కేశారు. జనరేటర్ పక్కనున్న స్థలం దానికి రాసి పెట్టాను.